రాత్రి వేళ మన్యంలో – అల్లూరి సీతారామరాజు

పోయిన శీతాకాలం క్యాంపులో జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. డాంగ్ అడవి అంచున, రాత్రి భోజనాలయ్యాక, టార్చిలన్నీ ఆర్పేసి పది నిమిషాలు ఎవరికి వారు దూరం దూరంగా, మాట్లాడకుండా కూర్చోమని చెప్పాను. నాలుగు నిమిషాలు కాకముందే ఒకరు నవ్వారు, ఇంకొకరు దొంగ దగ్గు దగ్గారు, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. మర్నాడు బస్సులో ఆ అమ్మాయే నన్ను పట్టుకుంది. చీకట్లో ఒక్కరే ఊరికే కూర్చుంటే ఏమొస్తుందట? అలా నిజంగా ఎవరైనా కూర్చున్నారా? బస్సు కోసాడ్ చేరేలోగా నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కోసాడ్‌లో మనకు చీకటి అంటే ఏమిటో తెలియదు. రాత్రి పన్నెండింటికి కూడా సూరత్ వెలుతురు ఆకాశమంతా పసుపురంగులో పరుచుకుని ఉంటుంది. గూడ్సు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. కరెంటు పోతే అరనిమిషంలో ఫోను వెలుగుతుంది. వందేళ్ల కిందటి మన్యం రాత్రిని ఇక్కడ కూర్చుని ఊహించుకోవడం కష్టమే. అయినా ప్రయత్నిద్దాం, ఎందుకంటే నేను చెప్పబోయే మనిషి జీవితం అలాంటి రాత్రుల్లోనే మలుపు తిరిగింది.

అల్లూరి సీతారామరాజు పేరు వినగానే మీకు సినిమా గుర్తొస్తుందని తెలుసు. మీ అమ్మానాన్నలకు 1974లో వచ్చిన కృష్ణ సినిమా, మీకు 2022లో వచ్చిన ఇంకో సినిమా. ఆ రెండో దాంట్లో కథంతా కల్పన. బాణం, గుర్రం, మంట – ఇవన్నీ ఒక పక్కన పెట్టి, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఊరు మారే ఒక కుర్రాణ్ణి తలచుకోండి. మీకు ఆ కుర్రాడు బాగా తెలిసినవాడే అవుతాడు.

అతను 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్లో పుట్టాడు. సొంత ఊరు భీమవరం దగ్గర మోగల్లు. ఇంట్లో పెట్టిన పేరు శ్రీరామరాజు. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫరు. తల్లి సూర్యనారాయణమ్మ. సీతమ్మ అని ఒక చెల్లెలు, సత్యనారాయణరాజు అని ఒక తమ్ముడు. 1908 గోదావరి పుష్కరాల సమయంలో రాజమండ్రిలో కలరా వచ్చి తండ్రి పోయాడు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్లు. ముగ్గురు పిల్లలతో ఆ తల్లి బంధువుల అండ వెతుక్కోవలసి వచ్చింది.

అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. భీమవరం, రాజమండ్రి, రామచంద్రపురం, కాకినాడ, నర్సాపురం – ఇవి అతను చదివిన ఊళ్లలో కొన్ని. కొవ్వాడ నుంచి భీమవరం బడికి రోజూ నడిచి వెళ్లిన ఏడాది పరీక్ష తప్పాడు. కాకినాడలో మద్దూరి అన్నపూర్ణయ్య అతని తోటి విద్యార్థి. ఆ అన్నపూర్ణయ్యే తర్వాత కాలంలో పేరు పొందిన స్వాతంత్ర్య యోధుడు, పత్రికా సంపాదకుడు అయ్యాడు. నర్సాపురంలో టేలర్ హైస్కూలు. పినతండ్రి రామకృష్ణంరాజు తహసీల్దారు. గుజరాత్‌లో మనం మామ్లత్‌దార్ అంటామే, ఆ ఉద్యోగం. ఎంతైనా సర్కారు ఉద్యోగి నీడన పెరిగిన పిల్లవాడు, చదువు పూర్తి చేసి ఏదో ఒక ఆఫీసులో చేరాలని ఇంట్లోవాళ్లు ఆశపడ్డారు. చదువు పూర్తి కాలేదు.

ఇక్కడ ఒక మాట. నేను ఇప్పటికి ఏడు ఊళ్లు మారాను. టీసీ చేత్తో పట్టుకుని కొత్త క్లాసు గుమ్మంలో నిలబడ్డ పిల్లల్ని వందలమందిని చూశాను. కొందరు మొదటి రోజే గలగలా మాట్లాడేస్తారు. కొందరు నెలరోజులు కిటికీ పక్కన కూర్చుని చూస్తూ ఉంటారు. ఆ రెండో రకం పిల్లల్ని మేం టీచర్లం సాధారణంగా తప్పుగా అర్థం చేసుకుంటాం, ఏదో లోపం ఉందనుకుంటాం. రామరాజు బడిలో రెండో రకమే అయి ఉంటాడని నా అనుమానం. పాఠాల మీద కంటే గుర్రపుస్వారీ మీద, జ్యోతిషం మీద, మూలికల మీద అతనికి ఆసక్తి ఎక్కువ. అవన్నీ ఒక్కడే కూర్చుని పట్టుకోవలసిన విద్యలు.

1916లో ఇల్లు వదిలి ఉత్తరదేశం బయలుదేరాడు. పందొమ్మిదేళ్లు నిండలేదు. కలకత్తా, లక్నో, కాశీ, ఉజ్జయిని, హరిద్వారం, బదరీనాథ్. జీవితచరిత్రలు రాసినవాళ్లు ఈ ప్రయాణంలో బరోడా పేరు కూడా చెబుతారు. బరోడా అంటే మనకు 130 కిలోమీటర్ల దూరం, మీలో కొందరి నాన్నలు సోమవారం వెళ్లి శుక్రవారం వచ్చే ఊరు. కాశీలో కొంతకాలం సంస్కృతం చదివాడు. అప్పట్లో బదరీకి మోటారు రోడ్డు లేదు. లోయలో గంగ హోరు వింటూ రోజుల తరబడి నడవాల్సిందే. తిరిగొచ్చేటప్పటికి అతను కాషాయం కట్టిన సాధువు.

1917లో కృష్ణదేవిపేట చేరాడు. మ్యాపులో చూడాలంటే విశాఖపట్నానికి పడమటగా నర్సీపట్నం వెతకండి, అక్కడి నుంచి కొండల వైపు వెళ్లండి. ఇప్పుడది అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో ఉంది. మైదానం అక్కడ అయిపోతుంది, పైన మన్యం మొదలవుతుంది. చలికాలంలో టీవీలో చూపించే లంబసింగి కూడా ఆ కొండల్లోదే. చిటికెల భాస్కరనాయుడు అనే ఊరి పెద్ద ఈ కుర్ర సాధువుకు తన ఇంట ఆశ్రయం ఇచ్చాడు. తర్వాత తల్లి, తమ్ముడు కూడా అక్కడికే వచ్చారు.

పగలు అతని దగ్గరికి జనం వచ్చేవాళ్లు. జ్వరానికి ఆకు, పాముకాటుకు వేరు, పిల్లవాడికి జాతకం, ఇద్దరి మధ్య తగువుకు తీర్పు. రాత్రుళ్లు అడవి అతనిది. ధ్యానానికి కొండల్లోకి, గుడి దాపుకు ఒక్కడే వెళ్లేవాడు.

అలాంటి రాత్రి ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. మొదట ఏమీ కనిపించదు. మన కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. అందుకే మీ పది నిమిషాలు సరిపోలేదు, తప్పు మీది కాదు, టైము పెట్టిన నాది. మధ్యలో ఒక్కసారి టార్చి వేస్తే అలవాటైనదంతా పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. అంతసేపు కదలకుండా ఉంటే నల్లటి గోడలా ఉన్న అడవి కొమ్మలుగా, మొదళ్లుగా విడిపోతుంది. కాలిబాట చుట్టూ ఉన్న గడ్డికన్నా ఒకింత తెల్లగా తేలుతుంది. మిణుగురులు ఎంత ఎత్తులో ఎగురుతున్నాయో తెలుస్తుంది.

చెవి ఇంకా ముందు మేలుకుంటుంది. రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి, పైగాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం నడుస్తుంది. కింది లోయలో కుక్క మొరిగినా, అవతలి గూడెంలో డప్పు మోగినా వినపడుతుంది. కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయంటే అటువైపు ఏదో కదిలిందన్నమాట. కణుజు ఒక్కసారి గట్టిగా అరిచిందంటే పులో, మనిషో దాని వాసనకు తగిలారు. మొదటి పావుగంట భయపడే మనిషికి ఇవన్నీ కలిసి ఒకటే చప్పుడు. కూర్చోగలిగినవాడికి ఒక్కొక్కటీ ఒక్కొక్క కబురు.

(పిల్లలూ, ఇది చదివి ఎవరూ ఒంటరిగా అడవిలోకి వెళ్లకండి. రామరాజుకు ఆ దారులు తెలుసు, ఆ దారుల్లోని మనుషులు అతనికి తెలుసు. మీకు మన గేటు దాటితే అమ్రోలి రోడ్డు కూడా సరిగ్గా తెలియదు.)

ఆ రాత్రుల్లో అతను లోలోపల ఏం అనుకున్నాడో నేను కల్పించి చెప్పను. బయట అతని చెవిన పడినవి మాత్రం చెప్పగలను. మన్యం వాళ్లు కొండవాలున కొంత అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో రాగులు, సామలు చల్లుకునేవాళ్లు. రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలి ఇంకో చోటికి పోయేవాళ్లు. దీన్ని పోడు అంటారు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. నిన్నటిదాకా తమదైన కొండ మీద కట్టె కొడితే నేరం, పశువు మేపితే జరిమానా. దానికి తోడు ఘాట్ రోడ్ల పని. కూలి ఇవ్వకుండా, ఇచ్చినా అరకొరగా చేతిలో పెట్టి, బలవంతంగా రాళ్లు మోయించేవాళ్లు. గూడెం తహసీల్దారు బాస్టియన్ ఈ విషయంలో మరీ చెడ్డపేరు తెచ్చుకున్నాడు. బాబాయి చేసిన ఉద్యోగమే బాస్టియన్‌దీ అని మరచిపోకండి. ఒకే కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ఆ కుర్చీ ముందు నిలబడ్డవాళ్లకు ఎంత తేడానో సర్కారు ఉద్యోగుల ఇళ్లలో పెరుగుతున్న మీకు వేరే చెప్పాలా?

అందరికీ దూరంగా కూర్చోవడానికి వెళ్లిన మనిషి దగ్గరికే అందరూ వచ్చి చెప్పుకున్నారు. దీని గురించి చాలా ఏళ్లు ఆలోచించాను. ఎక్కువ మాట్లాడేవాడి దగ్గరికి జనం వినడానికి వెళతారు, చెప్పుకోవడానికి వెళ్లరు. రాత్రుళ్లు కీచురాళ్ల మధ్య కూర్చుని కూర్చుని రామరాజుకు వినడం వచ్చింది. 1921 నాటికి సహాయ నిరాకరణోద్యమం గాలి కొండలకూ చేరింది. తాగుడు మానమని, తగువులు కోర్టుకు పోకుండా ఊరి పంచాయతీలోనే తేల్చుకోమని అతను చెబితే జనం విన్నారు. అది చూసి పోలీసులు కూడా విన్నారు!

1922 మొదట్లో అతన్ని కృష్ణదేవిపేట నుంచి కదిలించి నిఘాలో పెట్టారు. ఫజులుల్లాఖాన్ అనే డిప్యూటీ కలెక్టరు అతని మీద గౌరవం ఉన్న మనిషి. పైడిపుట్ట అనే చోట కొంత భూమి ఇప్పించి, శాంతంగా బతుకుకోమన్నాడు. సర్కారువాళ్లందరూ ఒకలా ఉండరు. రామరాజు కొన్ని నెలలు అక్కడ ఉన్నాడు. ఇరవై అయిదేళ్లు నిండని వయసు, సొంత పొలం, పైనున్నవాళ్ల దయ. కొంతమంది జీవితమంతా కోరుకునేది ఇదే. జూన్‌లో మళ్లీ కొండలకు తిరిగొచ్చేశాడు.

తర్వాతి కథ మీ చరిత్ర పుస్తకంలో ఉంది కాబట్టి తొందరగా చెబుతాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. తీసుకున్నదేమిటో స్టేషను రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడట. పక్కన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు, మరెందరో ముఠాదారులు, మామూలు గూడెం మనుషులు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఆ దళంలోనే ఉన్న భారతీయ సిపాయిలను మాత్రం ముందుకు పోనిచ్చారు. దాక్కున్నవాళ్లకు కింద దారిలో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో అంత కచ్చితంగా తెలిసిందంటే అది అదృష్టం కాదు. అడవిని చెవులతో చదవడం ఆ మన్యం మనుషులకు పుట్టుకతో వచ్చిన విద్య. మైదానం నుంచి వచ్చిన రాజు దాన్ని అయిదేళ్ల రాత్రుల్లో నేర్చుకున్నాడు.

ప్రాణాలు పోయిన సంగతి చెప్పేటప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించదు. ఆ ఇద్దరికీ ఇళ్లున్నాయి. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర సర్కారు సైన్యం ఎదురుపడినప్పుడు రాజు మనుషులు కూడా పడిపోయారు. వాళ్లకూ ఇళ్లున్నాయి.

అన్నవరం సంగతి మాత్రం నాకు ఇష్టం. 1923 ఏప్రిల్‌లో, దేశం మొత్తం అతని కోసం వెతుకుతున్న రోజుల్లో, రాజు పట్టపగలు అన్నవరం వచ్చాడు. స్టేషనుకు వెళ్లాడు, అక్కడ తీసుకోదగ్గ ఆయుధాలేమీ లేవు. ఆ తర్వాత తాపీగా కొండెక్కి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, కలిసినవాళ్లతో మాట్లాడి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. చీకట్లో ఒంటరిగా కూర్చోవడం అలవాటైన మనిషికి వెలుతురులో జనం మధ్య నిలబడటానికి కంగారెందుకు?

అయితే సర్కారుకు అతని కన్నా సులువుగా దొరికేవి ఊళ్లు. మలబారు పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. అన్నం పెట్టినవాణ్ణీ, దారి చూపినవాణ్ణీ పట్టుకున్నారు. గూడేలకు తిండి సరుకు చేరడం కష్టమైంది. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చాక ఒత్తిడి ఇంకా పెరిగింది. కొండ మీద ఒక్కడే కూర్చున్న రోజుల్లో ఎవరి మీదా భారం లేని మనిషి, ఇప్పుడు తన పేరు చెప్పి వందల ఇళ్లు దెబ్బలు తింటుంటే ఏ రాత్రి నిద్రపోయి ఉంటాడు?

1924 మే 7 తెల్లవారుజామున మంప దగ్గర ఒక కుంటలో స్నానం చేస్తున్నప్పుడు పట్టుకున్నారు. కొయ్యూరు తీసుకెళ్లారు. కోర్టు లేదు, విచారణ లేదు. మేజర్ గుడాల్ ఆధ్వర్యంలో చెట్టుకు కట్టి కాల్చేశారు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చి దహనం చేశారు. ఆ తర్వాత గంటందొర కూడా పోయాడు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి, స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. పోడు కొట్టుకునే హక్కు కోసం తుపాకీ పట్టిన మనిషి ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్నాడంటే, మీ క్విజ్ పోటీలో ఈ ప్రశ్న ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

2022లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. కొయ్యూరు ఆ జిల్లాలో ఉంది. సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం సరిహద్దుకు ఇవతల పడింది.

విశాఖ వైపు పని చేసిన ఏడాది నేను కృష్ణదేవిపేట వెళ్లాను. నర్సీపట్నంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని చేరేసరికి సాయంత్రమైంది. సమాధి దగ్గర ఎవరూ లేరు. చుట్టూ చెట్లు, వెనక కొండలు. ఫోటో తీసుకుని అయిదు నిమిషాల్లో బయలుదేరదామనుకున్నాను. అప్పటికే కొండ వైపు నుంచి నీలంగా చీకటి దిగుతోంది. ఆ నెలలోనే నాకు మళ్లీ బదిలీ కాగితం వచ్చింది, కొత్త ఊళ్లో భాష రాదు, ఇల్లు దొరకలేదు, మనసు బాగాలేదు. గట్టు మీద కూర్చున్నాను. ఫోను తీసి టార్చి వేయబోయి, మళ్లీ సంచీలో పెట్టేశాను.

మొదట కీచురాళ్లు ఒక్కటే వినిపించాయి. తర్వాత ఎక్కడో నీళ్ల చప్పుడు. ఊళ్లో ఎవరో పిల్లవాణ్ణి అన్నానికి పిలుస్తున్నారు. కొండ మీద ఒకచోట చిన్న మంట కనిపించింది, పోడుదో, వంటదో. ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టి, ఇక లాభం లేదనుకుని తనూ ఇంజను ఆపేశాడు. ఎంతసేపు కూర్చున్నానో వాచీ చూసుకోలేదు. లేచేసరికి సమాధి మీద చెక్కిన అక్షరాల అంచులు చీకట్లోనే కనిపిస్తున్నాయి.

డిసెంబరులో మళ్లీ క్యాంపు ఉంది. ఈసారి అరగంట పెడుతున్నాను. దొంగ దగ్గులు దగ్గేవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.